పిన్ను విప్పిన ఎనిమిదో పేపరు

పరీక్షలో 'క్ష' ఉంది. శిక్షలో ఉంది. కక్షలో ఉంది. అందుకే ఆసుపత్రి నోటీసు బోర్డు మీద "క్రమబద్ధ సమీక్ష నేర్చుకోదలచినవారు పేర్లు ఇవ్వవచ్చు" అన్న కాగితం చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. అయినా పేరిచ్చాను. చదువు మీద మోజుతో కాదు. అక్క కోసం.

ఇరవై ఆరేళ్ళుగా నేను ఈ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటున్నాను. నా జోకులకి ఎవరూ నవ్వరు. కిటికీ ముందుకు వచ్చేవాళ్ళంతా రోగులు, లేకపోతే రోగుల బంధువులు. "ఈ మాత్ర రోజుకి ఒకటి మాత్రమే, రెండైతే మాత్రం నన్ననకండి" అంటే, "చిల్లర లేదండీ" అంటారు. ఇంటిల్లిపాదిలోనూ నా మాటలకి పడీపడీ నవ్వింది ఒక్క అక్కే. ఒకసారి తప్ప.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. కుట్టుపని ఆమెది. ఇంటి ముందు గదే దుకాణం. కొలతలు, కత్తిరింపు, మిషను అక్కవి. గుండీలు, కాజాలు, ఇస్త్రీ, గిరాకీలతో కబుర్లు బావవి. అక్క ఆయన్ని 'గుండీలరాయుడు' అంటుంది. పెళ్ళైన కొత్తలో ఏడిపించడానికి మొదలుపెట్టిన పిలుపు, ముప్ఫై ఎనిమిదేళ్ళకి అసలు పేరైపోయింది. ఇంకో పేరుందని ఆయనకే సంతకం పెట్టేటప్పుడు గుర్తొస్తుంది.

కిందటేడు ఒక పాత గిరాకీకి కోటు కుట్టింది. వచ్చి తొడుక్కున్నాడు. రెండు చేతులూ ఎడమవే. నేను అక్కడే ఉన్నాను. ఊరుకోవచ్చు కదా? "రెండూ ఎడమవైతే ఎడమొహం పెడమొహం సమస్యే లేదు!" అని పెద్దగా నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ కోటు వంక చూస్తూ నిలబడింది, ఎవరో తెలియని మనిషి తలుపు తట్టినట్టు. ఆ కోటు ఇప్పటికీ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

తర్వాత పొయ్యి ఆర్పడం మరిచింది. తర్వాత ముందురోజే వచ్చిన మా చెల్లెలిని ఎప్పుడొచ్చావే అని రెండుసార్లు అడిగింది. మెదడు డాక్టరు పరీక్షలన్నీ చేసి ఒక మాత్ర రాశాడు.

"మతిమరుపుని ఇది నెమ్మదింపజేస్తుందని కొందరంటున్నారు. ఏమీ చెయ్యదని కొందరంటున్నారు. మొదలుపెడదాం. మూడు నెలలాగి రండి. ఉంచాలా ఆపాలా అన్నది అప్పుడు తేల్చుకుందాం," అన్నాడు.

తేల్చుకుందాం అన్న మాట వింటే నాకు తేలే గుర్తొస్తుంది. మాత్ర మొదలైన పదిరోజులకే అక్కకి తల తిరగడం మొదలైంది. తిండి సహించడం లేదు. చెంచాతో ప్లేటులో ముగ్గులు వేసి లేచిపోతోంది. బావ నన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి లాగాడు.

"ఏరా బావమరిదీ, నీ చేతి మీదుగా రోజుకి వెయ్యి మాత్రలు పోతాయి. ఇది పనిచేస్తుందా చెయ్యదా?"

"డాక్టరు చెప్పాడుగా బావా."

"ఆయన రెండూ చెప్పాడు. నాకు ఒకటి కావాలి. నువ్వు ఉంచమంటే ఉంచుతా, ఆపమంటే ఆయన్నడిగి ఆపించేస్తా. దాన్ని చూస్తుంటే నాకు..." అని ఆగి, ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

నోటీసు బోర్డు మీద కాగితం కనపడింది ఆ మర్నాడే.

*

క్లాసు శనివారాలు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, ఆసుపత్రి గ్రంథాలయం గదిలో. కింద లాండ్రీ. యంత్రాలు తిరిగినప్పుడల్లా బల్లలు వణుకుతాయి. పాఠం చెప్పే ఆవిడ పొట్టి మనిషి, జుట్టు పొట్టి, మాట ఇంకా పొట్టి. ఎప్పుడూ చేతిలో స్టేప్లర్ ఉంటుంది. ఎందుకో చెబుతాను. ఆ పిన్నుల పుణ్యమా అని ఆవిడకి వెనకాల 'పిన్నిగారు' అని పేరు పెట్టాను. వారం తిరక్కుండా అందరూ అలాగే అనడం మొదలుపెట్టారు. మూడోవారం ఆవిడే తన పరిచయంలో అనేసింది.

"ప్రపంచంలో ఒకే ప్రశ్న మీద వంద పేపర్లుంటాయి," అంది మొదటిరోజు. "మనకి నచ్చినవి నాలుగు ఏరుకుంటే మనం అనుకున్నదే నిజమవుతుంది. అన్నీ వెతకాలి. ఏవి ఉంచుతామో ఏవి తీసేస్తామో వెతకడానికి ముందే రాసుకోవాలి. ఇద్దరు మనుషులు విడివిడిగా చూడాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. ఇద్దరూ ఒప్పుకోకపోతే మూడో మనిషి తేలుస్తాడు. ఇంతే."

"ఇంతేనా, ఇంతింతేనా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా జంటగా పడ్డ అమ్మాయి మాత్రం పెదవి కొరుక్కుంది. పిల్లల వార్డు నర్సు, పాతికేళ్ళుంటాయి. వార్డులో అందరూ పిలిచినట్టే మేమూ 'సిస్టరు' అన్నాం. ఆమె నన్ను 'అంకుల్' అంది. గుండెలో గునపం దిగింది. బేరమాడి 'అన్నయ్య' దాకా దించాను.

ఒక్కో జంట ఒక్కో ప్రశ్న తెచ్చుకోవాలి. నాది సిద్ధంగా ఉంది. ఆ మాత్ర మతిమరుపుని నెమ్మదింపజేస్తుందా? సిస్టరు పిల్లల దగ్గు మీద ఏదో అనుకున్నట్టుంది కానీ, "మీ ఇష్టం అన్నయ్యా" అంది. పిన్నిగారు ఇద్దరికీ చెరో పత్రం ఇచ్చింది. అందులో చివరి ప్రశ్న: ఈ ఫలితం ఎటు తేలినా మీకు గానీ మీవాళ్ళకి గానీ సంబంధముందా?

నేను 'లేదు' అని రాశాను. ఒక్క క్షణం కలం ఆగింది, నిజమే. కానీ ఉంది అంటే ప్రశ్న మార్చుకోమంటుందేమో. ఇంకెవరి అక్క గురించో నేను ఎందుకు వెతకాలి?

వెతికితే పదకొండు వందల నలభై రెండు శీర్షికలు దొరికాయి. సిస్టరు తన డ్యూటీ గదిలో, నేను నా కిటికీ వెనక, విడివిడిగా చదివి టిక్కులు, ఇంటూలు పెట్టాం. శనివారం పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.

"అన్నయ్యా, ఏనుగుల జ్ఞాపకశక్తి మీద పేపరుకి టిక్కు పెట్టారేంటి?"

"పొరపాటు. అంత పెద్దది కళ్ళకి ఆనలేదు."

"మన రూలు ప్రకారం వయసు అరవై దాటాలి. ఏనుగు వయసెంతో రాయలేదు. తీసేద్దాం."

మొత్తం ముప్ఫై ఒక్క చోట్ల మాకు పడలేదు. నాకు సిగ్గేసింది. పిన్నిగారు మాత్రం సంతోషించింది. "ఇద్దరూ అన్నిటికీ తలూపితే అందులో ఒకరు దండగ," అంది.

చివరికి తొమ్మిది పేపర్లు మిగిలాయి. ఇక స్టేప్లర్ కథ. పిన్నిగారు ప్రతి పేపరూ అచ్చు తీసి, ఫలితాలున్న పేజీలని మడిచి, అంచుకి రెండు పిన్నులు కొట్టి ఇస్తుంది. ఎవర్ని తీసుకున్నారు, ఎన్నాళ్ళు చూశారు, ఎలా కొలిచారు, అది మాత్రమే చదవాలి. పేపరు ఉంచాలో తీసేయాలో తేల్చాకే పిన్ను విప్పాలి.

"కంప్యూటర్లో తెరిస్తే కనపడదా మేడం?" అన్నారెవరో.

"కనపడుతుంది. ఇంట్లో తాళం వేస్తాం, కిటికీ పగలగొట్టలేరని కాదు కదా. ఫలితం ఒకసారి కంట్లో పడితే, ఆ తర్వాత ఆ పేపరులో మంచీచెడూ మీరు చూడరు. మీ కోరిక చూస్తుంది."

నేను రాసుకున్నాను. అందంగా ఉందని రాసుకున్నాను.

*

మా రూలు ఇది. పాల్గొన్నవాళ్ళు అరవై దాటినవాళ్ళై ఉండాలి. కొందరు అంతకన్నా చిన్నవాళ్ళున్నా, ఎక్కువమంది దాటినవాళ్ళైతే ఉంచొచ్చు. అనుమానముంటే ఆ పేపరు రాసినవాళ్ళకి ఉత్తరం రాసి అడగాలి.

ఐదో పేపరు సన్నది. యాభై ఎనిమిది మంది. యాభై ఎనిమిదేళ్ళ నుంచి తీసుకున్నారు, సగటు డెబ్భై. శీర్షికలోనే 'ఆశాజనకం' అన్న మాట ఉంది, దాన్ని ఏ పిన్నూ మూయలేదు. "సగటు డెబ్భై కదమ్మా, ఉంచేద్దాం," అన్నాను. ఉంచేశాం.

ఎనిమిదో పేపరు అన్నిటికన్నా లావుది. ఆరువందల నలభై మంది. యాభై ఐదేళ్ళ నుంచి తీసుకున్నారు, సగటు డెబ్భై ఒకటి. శీర్షికలో ఆశా లేదు, జనకమూ లేదు. ఉత్త శీర్షిక. ఆ శనివారానికి ఇద్దరం విడివిడిగా చదివి రావాలి.

బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళ. కిటికీ ముందు ఎవరూ లేరు. పొద్దున బావ ఫోను చేసి, "స్నానాల గదిలో తూలి పడబోయిందిరా, నేను పట్టుకున్నా. ఆపించేయనా?" అన్నాడు. "ఇంకో పది రోజులాగు," అన్నాను. ఎనిమిదో పేపరు నా ముందుంది. పక్కన మాత్రలు లెక్కపెట్టే పలుచని రేకు ఉంది. ఆ రేకు అంచు పిన్ను కిందకి భలే దూరింది.

లోపల జ్ఞాపకశక్తి కొలతల బొమ్మ ఒకటి. రెండు గీతలు. మాత్ర వేసుకున్నవాళ్ళదొకటి, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళదొకటి. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కిందకి దిగుతున్నాయి, ఏడాది పొడుగునా, ఎక్కడా ఎడం లేకుండా. కింద ఒక పట్టీ. పడిపోయినవాళ్ళు: ఉత్తుత్తి మాత్ర వైపు ముప్ఫై నాలుగు, అసలు మాత్ర వైపు అరవై ఒకటి.

మడిచేశాను. కిటికీ పక్కనున్న స్టేప్లర్ తీసి మళ్ళీ రెండు పిన్నులు కొట్టాను. టక్, టక్. ఎవరో ముసలాయన చీటీ పట్టుకుని వచ్చి, "మందులున్నాయా బాబూ?" అన్నాడు. ఉన్నాయన్నాను.

శనివారం సిస్టరు టిక్కు పెట్టి తెచ్చింది. నేను ఇంటూ పెట్టి తెచ్చాను.

"ఎందుకన్నయ్యా? సగటు డెబ్భై ఒకటి. ఐదోది ఉంచాం కదా?"

"అది యాభై ఎనిమిది నుంచి, ఇది యాభై ఐదు నుంచి. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదమ్మా. గీత లేకపోతే గీతలెందుకు?"

"పోనీ, రాసినవాళ్ళని అడుగుదాం."

"జవాబు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోపు మన కోర్సే అయిపోతుంది. రూలు రూలే."

"పోనీ పిన్నిగారికి..."

"ఇంత చిన్నదానికి మూడో మనిషెందుకు? ఇరవై ఆరేళ్ళుగా మందుల్లో ఉన్నాను. నా మాట మీద నమ్మకం లేదా?"

ఆమె పేపరు వంకా, నా వంకా చూసింది. "పెద్దవారు, మీరంటే సరే," అని టిక్కు కొట్టేసి ఇంటూ పెట్టింది. కారణం గడిలో నేనే రాశాను: వయసు. ఇద్దరూ అంగీకరించారు.

మిగిలిన ఎనిమిదింటి అంకెలూ కలిపితే కంప్యూటరు ఒక బొమ్మ గీసింది. మధ్యలో నిలువు గీత, అంటే తేడా లేదని. ఎడమ పక్క మాత్ర మంచిదని, కుడి పక్క కాదని. ఒక్కో పేపరుకి ఒక్కో చుక్క, అడుగున అన్నిటి మొత్తం ఒక చిన్న వజ్రం. మా వజ్రం గీతకి తగలకుండా ఎడమ పక్క నిలబడింది.

"అన్నయ్యా, పనిచేస్తోంది!" అంది సిస్టరు చప్పట్లు కొట్టి. ఆమె మొదటి వజ్రం అది. నేనూ నవ్వాను. నా జోకులకి జనం నవ్వినట్టు నవ్వాను.

ఆదివారం బావకి చెప్పాను. "కొంచెమే, కానీ పనిచేస్తుంది బావా. ఎనిమిది పేపర్లు చూశాం."

బావ కుర్చీలో కూలబడ్డాడు. "నిన్న ఆపించేద్దామనే డాక్టరుకి ఫోను చెయ్యబోయానురా. నువ్వు చెప్పావు, చాలు. తల తిరిగితే తిరగనీ, నేను పట్టుకుంటా."

పట్టుకున్నాడు, పదకొండు రోజులు. పన్నెండో రోజు బావ గుండీలు కొనడానికి వెళ్ళినప్పుడు అక్క ముందు గదికీ వంటింటికీ మధ్య గడప మీద పడింది. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది.

జనం మొగ్గు చూపడాన్ని పక్షపాతం అంటారు. పిన్నిగారు ఆ మాట బోర్డు మీద రాసినప్పుడు నేను దాన్ని విడగొట్టి ఏదో హాస్యమాడాను కూడా. ఆసుపత్రి వరండాలో అక్క చేతికి కట్టు ఆరేదాకా కూర్చున్నప్పుడు ఆ మాట మళ్ళీ విడిపోయింది, నేనడక్కుండానే. పక్షం నాది. పాతం అక్కది.

*

ఆ శుక్రవారం బావ గిరాకీలకి బట్టలిచ్చి రావడానికి వెళ్తూ, "గంటసేపు దీని దగ్గర కూర్చోరా," అన్నాడు. నివేదిక మర్నాడు ఇవ్వాలి. పేపర్లున్న సంచీ వెంట తెచ్చుకుని కత్తిరింపు బల్ల మీద పరిచాను. అక్క ఎదురుగా కూర్చుంది, తెల్లటి కట్టు ఒళ్ళో పెట్టుకుని. మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"ఏంట్రా మాత్రలబ్బాయ్ ఇవన్నీ?"

"కాగితాలక్కా. ఆసుపత్రివి."

కుడిచేత్తో ఒక్కోటీ తీసి చూడసాగింది. చదవడం లేదు. బట్ట తాను చూసినట్టు బొటనవేలితో అంచు తడుముతోంది. ఎనిమిదోది తీసింది. తీసేసిన పేపరు కాబట్టి దాని పిన్నులు పిన్నులుగానే ఉన్నాయి. వేలు ఆగింది. వెలుగుకెత్తి పట్టింది.

"ఇది విప్పి కుట్టారు."

"ఏంటి?"

"ఈ కుట్టు. ఇదిగో పాత చిల్లులు, పక్కనే. పాతవి ఎంత సమంగా ఉన్నాయో చూడు, చెయ్యి తిరిగినవాళ్ళు వేసింది. కొత్తవి వంకర. కంగారుగా వేశారు. ఎవరు విప్పారు?"

"ఏమోనక్కా. ఆఫీసులో ఎవరో."

"ఊఁ." కింద పెట్టింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కాసేపటికి మళ్ళీ అదే తీసింది. మళ్ళీ వెలుగుకెత్తింది. "ఒరేయ్, ఇది విప్పి కుట్టారు. ఎవరు విప్పారు?"

ఒకసారి అడిగినట్టు ఆమెకి గుర్తులేదు. ఒకసారి అబద్ధమాడినట్టు నాకు గుర్తుంది. రెండోసారీ అదే చెప్పాను. మూడోసారీ అడిగింది. ప్రతిసారీ కొత్తగా నమ్మడానికి సిద్ధంగా చూస్తోంది నన్ను.

"నేనే అక్కా."

"ఎందుకు?"

"లోపల ఏముందోనని."

"ఏముంది?"

"నాకు నచ్చనిది."

అక్క నవ్వింది. చాలా రోజుల తర్వాత పాత నవ్వు. "విప్పడం తప్పు కాదురా పిచ్చోడా, రోజూ విప్పుతాం. విప్పానని గిరాకీకి చెప్పి కుట్టాలి. చెప్పకుండా కుట్టేస్తే, తొడుక్కున్నవాడికి చంకలో పట్టేస్తుంది. వాడు తన ఒళ్ళే పెరిగిందనుకుంటాడు." కాగితం బల్ల మీద పెట్టి కట్టు ఉన్న చెయ్యి చూసుకుంది. "దీనికేమైంది?"

"పడ్డావక్కా."

"నేనా? ఎప్పుడు?"

*

శనివారం రెండింటికి, ఇంకా ఎవరూ కూర్చోకముందే, చెప్పేశాను. పత్రంలో రాసిన 'లేదు' గురించి, రేకు గురించి, రెండు గీతల గురించి, బావ గురించి. కింద లాండ్రీ యంత్రం తిరుగుతోంది. బల్లలతో పాటు నేనూ వణికాను. కాస్త తేలిగ్గా ఉంటుందని ఒక శ్లేష కూడా సిద్ధం చేసుకున్నాను. రాలేదది.

పిన్నిగారు తిట్టలేదు. "ముందు మీ అక్కగారి డాక్టరుకి ఫోను చెయ్యండి. ఇప్పుడే. బయటికెళ్ళి," అంది. డాక్టరు మర్నాడు ఉదయం తీసుకురమ్మన్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఎనిమిదో పేపరు సిస్టరు చేతిలో ఉంది.

"మీరిక ఈ ప్రశ్న మీద ఏమీ తేల్చకూడదు," అంది పిన్నిగారు. "సిస్టరూ నేనూ మొదటినుంచి చూస్తాం. మీరు కూర్చుని చూడొచ్చు."

సిస్టరు నా వంక చూడలేదు. పది నిమిషాలాగి, తలెత్తకుండానే అంది.

"వార్డులో పెద్ద డాక్టరు తప్పు మోతాదు రాస్తే నేను అడుగుతానండీ. భయమేసినా అడుగుతా. ఇక్కడ అడగలేదు. ఎందుకంటే మీరు నన్ను నవ్వించేవారు."

'అన్నయ్యా' పోయింది. 'అండీ' వచ్చింది. 'అంకుల్' అన్నా బావుండేది.

ఐదోదానికీ ఎనిమిదోదానికీ ఒకే కొలత పెట్టారు. రెండూ ఉండాల్సినవే అన్నారు. రెండిటివాళ్ళకీ ఉత్తరాలు రాశారు. అంకెలు మళ్ళీ కలిపారు. ఎనిమిదోది లావు పేపరు కాబట్టి బరువెక్కువ. వజ్రం కుడికి జరిగింది. జరిగి, నిలువు గీత మీద కూర్చుంది. పక్కన ఇంకో బొమ్మ, పడిపోవడాల మీద. అందులో వజ్రం గీతకి దూరంగా ఉంది, చెడ్డవైపు.

"అంటే పనిచెయ్యదనా?" అన్నాను.

"చేస్తుందని చెప్పలేమని," అంది పిన్నిగారు. "పడేస్తుందని మాత్రం గట్టిగా అనుమానించొచ్చు."

*

ఆ సాయంత్రం బావకి చెప్పాను. ఆయన గుండీ కుడుతున్నాడు. దారం తెంపకుండా విన్నాడు.

"మొన్న పనిచేస్తుందన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు తెలీదంటున్నావు."

"అవును బావా."

"నీకు అప్పుడే తెలుసు."

కింద పడ్డ గుండీ ఒకటి ఏరి బల్ల మీద పెట్టాను.

"నేను ఆపించేద్దామని ఫోను చేతిలో పట్టుకున్నానురా. నువ్వు చెప్పావని పెట్టేశా. అది ఆ గడప మీద అరగంట పడుందట. నన్ను పిలిచిందట. నేను అక్కడ తెల్ల గుండీలా, గోధుమరంగు గుండీలా అని బేరమాడుతున్నా." దారం తెంపాడు. "పనిచెయ్యాలని నాకు మాత్రం లేదనుకున్నావా? నాకు లేనిదా నీకున్నది?"

డాక్టరు నివేదిక చదివాడు, అక్కని చూశాడు, మాత్ర మెల్లమెల్లగా తగ్గించి ఆపమన్నాడు. "నెల రోజులు ఎలా ఉంటుందో గమనించి చెప్పండి," అన్నాడు.

బయటికి రాగానే బావ అన్నాడు. "మీ క్లాసులో ఇద్దరు విడివిడిగా చూస్తారన్నావుగా. మనమూ అంతే. రోజూ సాయంత్రం నువ్వొచ్చి చూసి, నీ కాగితం మీద నువ్వు రాసుకో. నాది నేను రాస్తా. నాది నువ్వు చూడకూడదు." దుకాణంలో రసీదుల బల్ల సొరుగులోంచి బావ స్టేప్లర్ తీసి జేబులో వేసుకోవడం ఆ రోజే చూశాను. ఇంట్లో తాళం వేసినట్టే.

మొదటి ఆదివారం కత్తిరింపు బల్ల మీద కూర్చున్నాం. బావ కాగితం మడిచి నాలుగు పిన్నులు కొట్టి ఉంది. అక్క తన కుట్లు విప్పే బ్లేడుతో ఒక్కోటే తీసింది, కాగితం చిరగకుండా. తిండి విషయంలో ఇద్దరిదీ ఒకటే, రెట్టింపు తింటోంది. తల తిరగడం తగ్గిందనీ ఇద్దరం రాశాం. మంగళవారం దగ్గర ఆగిపోయాం.

నాది: "బాగుంది. నా జోకుకి నవ్వింది."

బావది: "పొద్దుట్నుంచి నన్ను పిలవలేదు. ఒక్కసారి కూడా. నేనెవరో తెలియలేదేమో. మాత్ర ఉంటే తెలిసేదేమో."

ఆ చివరి వాక్యం నేను చదువుతుంటే బావ కిటికీలోంచి బయటికి చూశాడు. జవాబు చెప్పమని అడగలేదు. ఆపించిన నా మాటా ఉంచమన్న నా మాటా ఒకే నోట్లోంచి వచ్చాయి. దాన్నిక ఆయన ఎందుకు నమ్మాలి?

"ఒప్పుకోకపోతే మూడో మనిషి తేల్చాలి," అన్నాను. ఇంట్లో ఉన్న మూడో మనిషి ఒకరే.

"అక్కా, మంగళవారం బావని పిలవలేదట, ఎందుకు?"

అక్క బ్లేడు పక్కన పెట్టింది. బావ మొహం చూసింది, తేరిపార.

"ఆ రోజు ఈ గుండీలరాయుడి మీద కోపమొచ్చింది. అందుకే పిలవలేదు."

బావ గబుక్కున తిరిగాడు. నోరు తెరుచుకుంది. నవ్వబోతున్నాడు. నేనూ నవ్వబోయాను.

"కోపమా? నేనేం చేశానే?"

అక్క ఆలోచించింది. కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో రుద్దింది. తలుపు వెనక వేలాడుతున్న కోటు వంక చూసింది. మా ఇద్దరి వంకా చూసింది, మాలో ఎవరైనా అందిస్తామేమోనని.

"అది గుర్తులేదు," అంది.

బావ కలం పట్టుకుని మంగళవారం గడి మీద ఆపాడు. నాకు నోటి దాకా ఒక మాట వచ్చింది, మంచి మాటే, పడీపడీ నవ్వే మాట. మింగేశాను.

"ఏం రాయనురా?" అన్నాడు, ఆ వారంలో మొదటిసారి నా వైపు తిరిగి.

"అన్నది అన్నట్టు రాయి బావా. రెండు ముక్కలూ."

రాశాడు. రాసి, కాగితం నా వైపు తోశాడు, నన్నూ చూసి సంతకం పెట్టమని. స్టేప్లర్ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.